తొమ్మిది నుంచి పన్నెండు అడుగులు

కోర్టులో నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు. టీ కొట్టు దగ్గర ఎప్పుడూ నిజం చెప్పలేదు. ఈ రెండు అలవాట్లతో పాతికేళ్లకు పైగా ఎల్లారెడ్డిలోనూ కామారెడ్డిలోనూ వకీలుగా నెట్టుకొచ్చాను. చివరికి నా గొంతు నాకంటే ముందు రిటైరైంది. కామారెడ్డిలో గొంతు డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, "మీరు ఇప్పటికే ఇద్దరు మనుషుల వాటా మాట్లాడేసిండ్రు సార్, ఇగ చాలు" అన్నాడు. ఇద్దరు కాదు, ముగ్గురు అని నా లెక్క. కానీ వాదించడానికి గొంతు లేదు. జుట్టు ఇంకా సగం నల్లగా ఉండగానే నల్లకోటు మేకుకు తగిలించాను.

ఈ మధ్య కోర్టు వైపు వెళితే కొత్తగా వచ్చిన జూనియర్లు చుట్టూ చేరుతున్నారు. "సార్, మీరు రాజీలు ఎట్ల కుదిర్చేటోళ్లు?" అని అడుగుతున్నారు. వాదించి గెలిచిన కేసుల గురించి ఒక్కరూ అడగరు. అది నన్ను కొంచెం నొప్పించే విషయమే అయినా, వాళ్లు అడిగిందే సరైన ప్రశ్న అనుకుంటాను. మా వృత్తిలో బయటికి కనిపించేది వాదన. కడుపు నింపేదీ, నిద్ర పట్టించేదీ రాజీ.

రాజీలో నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఒక అంకె చెప్పాల్సిన చోట రెండు అంకెలు చెప్పడం. "ఇంత" అనకుండా "ఇంత నుంచి ఇంత దాకా" అనడం. వినడానికి ఇదేం విద్య అనిపిస్తుంది. ఇది ఎందుకు పనిచేస్తుందో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. అంతుపట్టలేదు కాబట్టే ఇంత ఇష్టంగా రాస్తున్నాను.

చేప పొడవు

ఈ విద్య నేను కోర్టులో నేర్చుకోలేదు. పోచారం ప్రాజెక్టులో గాలం వేసి నేర్చుకున్నాను.

కొత్తగా వకీలైన రోజుల్లో ఒక ఆదివారం అక్కడ ఓ కొర్రమీను పట్టాను. మర్నాడు ఎల్లారెడ్డిలో మల్లేశం హోటల్లో కూర్చుని, "రెండున్నర అడుగులు ఉంటది మల్లేశం" అన్నాను. మల్లేశం పాలు కాచడం ఆపాడు.

"రెండున్నర? టేపు వెట్టి కొలిసినవా సార్?"

"కొలవలే."

"మరి ఆ అర ఎక్కడికెల్లొచ్చింది?"

హోటలంతా నవ్వింది. ఆ అర అడుగును కాపాడుకోవడానికి నేను పడిన పాట్లు ఏ కేసులోనూ పడలేదు. చివరికి చేపే లేదని తేల్చారు.

మళ్లీ చేప పడ్డప్పుడు జాగ్రత్తపడ్డాను. "మూరెడు నుంచి మూరెడున్నర దాకా ఉంటది" అన్నాను. మల్లేశం గరిటె పట్టుకుని ఆలోచించాడు. "మూరెడంటే నమ్ముత సార్. మూరెడున్నర అంటే నమ్మ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నన్ను కిందికి దింపానన్న తృప్తితో ఆ రోజు ఛాయ్‌లో ఇంకో చెంచా చక్కెర కూడా వేశాడు. ఆ చేప నిజంగా జానెడు.

ఆశ పుట్టింది. మూడోసారి "మూరెడు నుంచి బారెడు" అన్నాను. మల్లేశం తల కూడా ఎత్తలేదు. "గది చేప కాదు సార్, మంజీరల మొసలి. నీ గాలానికి ఎట్ల వడ్డది?" అన్నాడు.

అంటే మూడు సంగతులు తెలిశాయి. ఒక అంకె చెబితే అవతలివాడు దాని మీద పడతాడు. రెండు చెబితే చిన్నదాన్ని తానే ఎంచుకుని, గెలిచాననుకుంటాడు. ఆ రెంటి మధ్య దూరం మరీ ఎక్కువైతే రెంటినీ నమ్మడు. ఇవి చేపలకే వర్తిస్తాయా, మనుషులకు కూడానా అన్న కుతూహలం ఆ రోజే నాకు పట్టుకుంది.

రామారెడ్డి బోరు

మా సీనియర్ సదాశివరావు గారిది కామారెడ్డి. మంచి వకీలు, మంచి మనిషి, రాజీలకు మాత్రం పనికిరాని మనిషి. "అంకె అంటే మేకు లాంటిదయ్యా. ఒక్కటే ఉండాలె, ఒక్క దెబ్బకు దిగాలె. రెండు అంకెలు చెప్పినవంటే నీ కేసు మీద నీకే నమ్మకం లేదన్నట్టు" అనేవారు.

రామారెడ్డిలో ఇద్దరు పాలివాళ్లకు ఉమ్మడి బోరు ఉండేది. మా క్లయింట్ నర్సింలు, అవతలి మనిషి పోశెట్టి. ఎవరు ఎంతసేపు మోటారు నడపాలన్నది గొడవ. నర్సింలుకు పొద్దున మూడు గంటలు నీళ్లు పారితే చాలు. మా సీనియర్ మాత్రం బేరానికి చోటు ఉండాలని "ఐదు గంటలు" అన్నారు. ఒక్కటే అంకె, ఒక్కటే దెబ్బ. పోశెట్టి తువ్వాల భుజం మీద వేసుకుని లేచాడు. "ఐదా? అయితే బోరు సుత పీకి ఇంటికి తీస్కపో" అని వెళ్లిపోయాడు.

కొన్ని వారాల తర్వాత మళ్లీ కూర్చున్నప్పుడు సీనియర్‌కు జ్వరం. నేనొక్కణ్నే వెళ్లాను. చేప గుర్తొచ్చింది. "మూడు నాలుగు గంటలు అయితే మా నర్సింలుకు సరిపోతది" అన్నాను. పోశెట్టి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"మూడు తీస్కో. నాలుగు మాట ఎత్తకు."

అంతే. కేసు అయిపోయింది. బయట బస్సు కోసం నిలబడి ఉంటే పోశెట్టి కూడా అక్కడే ఉన్నాడు. ఆగలేక అడిగాను, రెండు గంటలే ఇస్తానని ఎందుకు అనలేదని.

"అనొచ్చు సార్. కని బాగుండది గద. మీ పెద్ద వకీలు ఐదు అన్నప్పుడు నాకు మండింది, ఎంతకైనా పోదమనుకున్న. నువ్వేమో మూడు అని నీ అంతట నువ్వే దిగొచ్చినవ్. దిగొచ్చినోన్ని ఇంకా కిందికి గుంజుతే నేనేం మనిషిని?"

ఇక్కడ ఆగి ఆలోచించండి. నేను దిగిరాలేదు. మాకు కావలసిందే మూడు. కానీ పక్కన నాలుగు నిలబడి ఉండటం వల్ల మూడు దిగివచ్చినట్టు కనిపించింది. మన ప్రాంతపు మనిషి మొండివాడే. అయితే ఎదుటివాడు మర్యాద చూపిస్తే, దానికంటే తక్కువ మర్యాద తిరిగి చూపడానికి మనసొప్పనివాడు కూడా.

సీనియర్‌కు చెబితే మంచంలోంచే నా మీద మండిపడ్డారు. "నాలుగు అడిగి మూడు తెచ్చినవ్. ఓడిపోయినవ్."

"మనకు కావాల్సింది మూడే గద సార్."

ఆయన దుప్పటి మళ్లీ పైకి లాక్కున్నారు. "మరి ఐదు నుంచి ఏడు అంటే ఐదు వస్తుండెనా?"

"ఐదు విని లేచిపోయిండు సార్. ఏడు వింటే ఉరికేటోడు."

జ్వరంలోనూ నవ్వారు. కానీ చనిపోయేదాకా ఒకే అంకె చెప్పారు. కొందరికి ఓడిపోవడం కంటే మెత్తబడినట్టు కనిపించడం ఎక్కువ కష్టం. ఆ సంగతి నాకు తర్వాత సాయిలు దగ్గర బాగా పనికొచ్చింది.

ఒకే బెంచీకి రెండు కొసలు

సాయిలుది ఎల్లారెడ్డికి దగ్గర్లోని ఊరు. తండ్రి పంచినప్పుడు రోడ్డు పక్క పొలం సాయిలుకు, దాని వెనక పొలం తమ్ముడు గంగారాంకు వచ్చింది. గంగారాం దుబాయిలో ఉంటాడు. వెనక పొలం అతని భార్య లస్మవ్వ చేస్తుంది.

వరి చేత్తో కోసిన కాలంలో ఏ గొడవా లేదు. మోపు నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచి వచ్చేవాళ్లు. ఇప్పుడు కోసేది మిషన్. మిషన్ గట్టు మీద నడవదు. ముందున్న పొలం కోతైతే తప్ప వెనక పొలంలోకి దానికి దారి ఉండదు. అందుకని మా దగ్గర లోపలి మడి ఉన్నవాళ్లు మబ్బు వైపు కంటే, తమ ముందున్న పొలంవాళ్ల వరి వైపే ఎక్కువగా చూస్తుంటారు.

ఆ యాసంగికి, అంటే ఎండాకాలపు పంటకు, లస్మవ్వ దొడ్డు రకం వేసింది, ముందే పండింది. సాయిలు సన్న రకం వేశాడు, ఇంకా పచ్చిగా ఉంది. అది పండేదాకా ఆగితే లస్మవ్వ గింజ మడిలోనే రాలుతుంది. పైగా అది రాళ్లవాన పడే కాలం. ఒక్కసారి కొట్టిందంటే కోయడానికి ఏమీ మిగలదు. దుబాయి మనిషి ఇంటికి పంపేది ఎంతైనా, ఆ యేడు ఇంట్లో తిండిగింజలు ఆ మడివే.

అందుకని ఆమె ఊళ్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి, సాయిలు పొలం అంచున బాట అడిగింది. "పదిహేను అడుగులు" అన్నది. సాయిలు "ఎనిమిది" అన్నాడు. పెద్దమనుషులు రెంటికీ నడుమ పదకొండున్నర అన్నారు. ఇద్దరూ కొట్టిపారేశారు. నడిమి అంకె పెద్దమనుషులది, వీళ్లది కాదు. తనది కాని అంకెకు ఒప్పుకోవడమంటే ఊరి ముందు మాట పోగొట్టుకోవడం. ఈ లెక్క తెలియని మధ్యవర్తులు మా జిల్లాలో ఇప్పటికీ నడిమి అంకెలు పంచుతూనే ఉన్నారు.

అప్పుడు నా దగ్గరికి వచ్చారు. నా గదిలో ఒకే బెంచీ. ఒక కొసన సాయిలు, ఇంకో కొసన లస్మవ్వ.

"నువ్వు ఎవల దిక్కు సార్?" సాయిలు ముందుగానే అడిగాడు.

"ఇద్దరి దిక్కు."

"అంటే ఎవలి దిక్కూ కాదన్నట్టు" అన్నాడు. తప్పుపట్టలేకపోయాను.

లస్మవ్వ మొదలుపెట్టింది. "మా బావకు చెప్పు సార్, పదిహేనడుగులు కావాలె."

"నేను చెప్పుడెందుకమ్మా, పక్కనే ఉన్నడు గద?"

"ఉంటే ఉన్నడు. మేము మాట్లాడుకుంటలేము."

సాయిలు గోడ మీది క్యాలెండర్‌తో అన్నాడు, "ఆమెకు చెప్పు సార్, ఎనిమిది. ఊరంత ఇన్నది."

"విన్నవామ్మా?"

"ఇన్న. కని నువ్వు చెప్పలే."

చెప్పాను. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చెప్పాను. నా గొంతు పాడవడానికి పునాది ఆ రోజే పడిందని నా అనుమానం. వాళ్లు ఒకరి మాట ఒకరు స్పష్టంగా వింటూనే, నేను తిరిగి చెప్పేదాకా ముఖంలో ఏ మార్పూ రానిచ్చేవాళ్లు కాదు.

ఇలా కాదని ఇద్దరినీ వేర్వేరుగా కూర్చోబెట్టాను. లస్మవ్వను అడిగాను. "బావ సంగతి విడిచిపెట్టు. ఎంతుంటే నీ పని నడుస్తది, ఎంతుంటే నీకు సంతోషం?"

ఆమెకు ఆ ప్రశ్న కొత్త. కొంగు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. "చైన్ మిషన్ అయితే తొమ్మిదిల పోతది సార్. టైర్ల మిషన్‌కు పన్నెండన్న ఉండాలె."

"మరి పదిహేను ఎందుకడిగినవ్?"

"ఆయన ఎనిమిది అన్నడు. నాకు కోపమొచ్చింది."

కోర్టుల్లో మేము చూసే అంకెల్లో చాలావాటికి పుట్టుక ఇదే.

తర్వాత సాయిలు. "తొమ్మిది ఇస్తే నీ పొలానికి ఏమైతది?"

"పొలానికి ఏం గాదు. నాకైతది. రేపు హోటల్ల కూసుంటే, సాయిలుగాడు మర్దలుకు భయపడి దిగిండు అంటరు."

మా సీనియర్ గుర్తొచ్చారు. "సాయిలూ, పెద్దమనుషుల ముందట నువ్వు ఎనిమిది అన్నవా, ఎనిమిది తొమ్మిది అన్నవా?"

అతను నన్ను చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆ ఫ్యాను అంత శ్రద్ధగా చూడదగ్గది కాదు.

"ఎనిమిది తొమ్మిది అనే అన్ననేమో సార్" అన్నాడు నెమ్మదిగా. "మంచిగ యాదికి లేదు."

"మన దిక్కు అట్లనే అంటం గద."

"అంటం, అంటం."

నిజంగానే అంటాం. చుట్టాలు ఎంతమంది వచ్చారంటే నలుగురైదుగురు అంటాం. ఊరు ఎంత దూరమంటే రెండు మూడు మైళ్లు అంటాం. ఒక అంకె చెప్పి ఊరుకోవడం మన నోటికే రాదు. పంచాయితీలో కూర్చున్నప్పుడు మాత్రం అందరం ఇనుప కడ్డీలమైపోతాం. ఇంట్లో ఉన్న మాటతీరును పంచాయితీలోకి తీసుకురావడం తప్ప నేను చేసిందేమీ లేదు.

మళ్లీ ఇద్దరినీ బెంచీకి చేర్చాను. లస్మవ్వ నాతో, "తొమ్మిది నుంచి పన్నెండు దాకా అయితే నాకు మంచిగుంటదని మా బావకు చెప్పు" అన్నది. నేను నోరు తెరిచేలోపే సాయిలు, "తొమ్మిది. ఒప్పుకున్న" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆమె మాటకు నేరుగా బదులిచ్చాడు. అది గమనించుకుని వెంటనే క్యాలెండర్ వైపు తిరిగాడు.

దుబాయికి ఫోన్ చేశాం. భార్య చెప్పింది విని గంగారాం, "పన్నెండు మంచిగున్నది" అన్నాడు. అన్న చెప్పింది విని, "తొమ్మిది మంచిగున్నది" అన్నాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. నేను కాగితం మీద "తొమ్మిది నుంచి పన్నెండు అడుగుల బాట" అని రాశాను. ఇద్దరూ సంతకాలు చేశారు. ఆ సాయంత్రం మల్లేశం హోటల్లో ఆ బెంచీ రెండు కొసలూ దగ్గరికి వంగి ఒకదాన్నొకటి తాకాయని చెప్పాను. అది మాత్రం ఎవరూ నమ్మలేదు.

మిషన్ ఆగిపోయిన పొద్దు

కొన్నాళ్లకు ఒక పొద్దున రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి బావ నుంచి, ఒకటి మరదలి నుంచి. ఇద్దరిదీ ఒకటే మాట. "సార్, నువ్వు రాసింది వీళ్లు ఒప్పుకుంటలేరు."

స్కూటర్ మీద వెళ్లాను. రోడ్డు మీద టైర్ల మిషన్ ఆగి ఉంది. దాని డ్రైవర్ తమిళనాడు నుంచి వచ్చినవాడు. ఈ పంచాయితీ తనది కాదని ముఖం మీద టోపీ పెట్టుకుని సీట్లోనే పడుకున్నాడు. పొలం అంచున సాయిలు కొత్తగా రాతి కడీలు పాతించాడు. గట్టు నుంచి సరిగ్గా తొమ్మిది అడుగుల దూరంలో, ఆ మేరకు వరి ముందే కోసేసి, బాట పొడవునా వరసగా. మొదటి కడీకి ఆనుకుని నిలబడ్డాడు. లస్మవ్వ మిషన్ ముందు చక్రం దగ్గర నిలబడింది. పడమర దిక్కున మబ్బు నల్లబడుతోంది.

"చైన్ మిషన్లన్నీ బీర్కూర్ దిక్కు పోయినయి సార్" అన్నది లస్మవ్వ. "అందుకే టైర్లది పిలిచిన. కాయితం మీద పన్నెండు అని నువ్వే రాసినవ్."

సాయిలు కూడా తన కాగితం తీశాడు. "తొమ్మిది అని సుత నువ్వే రాసినవ్. మా మర్దలు సదువుకున్నది గద, మొదలు ఏమున్నదో సదవమను."

రెండూ ఒకే కాగితానికి నకళ్లు. ఇద్దరూ చదివారు. ఇద్దరూ తమకు నచ్చిన కొస దగ్గరే చదవడం ఆపారు. కొర్రమీను విషయంలో మల్లేశం కూడా చేసింది అదే. కాకపోతే అక్కడ చేపకు రాళ్లు పాతే అవసరం రాలేదు.

"డ్రైవర్ మధ్యాన్నంకల్ల తాడ్వాయి దిక్కు పోతడట సార్" అన్నది లస్మవ్వ. ఈసారి గొంతులో తగాదా లేదు. మబ్బు వైపు చూస్తోంది. "ఇయ్యాల గాకుంటే నా మడి ఇగ కోసేది లేదు."

నేను కడీల వరస పక్కన నడుస్తూ చూశాను. కడీల అవతల మూడు అడుగుల మేర సాయిలు వరి, పచ్చగా, పాలు పట్టే దశలో. మిషన్ వెళితే అది నలుగుతుంది. అంటే గొడవ పన్నెండు అడుగులది కాదు, ఈ మూడు అడుగులది. ఇంకా చెప్పాలంటే, ఈ ఒక్క రోజు ఈ మూడు అడుగులది. మిషన్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మిగతా రోజులన్నీ లస్మవ్వకు ట్రాక్టర్ పోయే దారి చాలు.

"సాయిలూ, ఈ మూడడుగులు ఇప్పుడు కోస్తే ఏమొస్తది?"

"ఏమొస్తది? పచ్చిది. గింజ రాదు. బర్రెలకు మేత."

"బర్రెలకు మేత ఉన్నదా ఇంట్ల?"

ఆ ఎండల్లో ఎవరింట్లోనూ పచ్చి మేత లేదు.

లస్మవ్వ నా వైపు రెండడుగులు వేసింది. "మా బావకు చెప్పు సార్, తొమ్మిది తొమ్మిదే. ఆ మూడడుగులు బాట కాదు, బర్రెల మేత. నేనే కోసి ఇంటికాడ ఏసొస్త."

సాయిలు ఆకాశం చూశాడు, మిషన్ చూశాడు, నన్ను చూశాడు. కడీ మీద చెయ్యి వేసి ఊపాడు.

"ఆమెకు చెప్పు. నా బర్రెలకు నాకు కొడవలున్నది."

ఒక కొస నుంచి సాయిలు, ఇంకో కొస నుంచి లస్మవ్వ కోయడం మొదలుపెట్టారు. నేను మోపులు ఒడ్డుకు మోశాను. వంద మోపులు మోశానని ఇప్పటికీ చెబుతాను. మీరు కావాలంటే పది నుంచి పదిహేను అనుకోండి. చివర సాయిలు కడీలు ఒక్కొక్కటీ ఊడబీకాడు. "మళ్ల తొమ్మిది మీదనే పాతుత" అని ప్రతి కడీకీ ఒకసారి అన్నాడు. ఎవరూ కాదనలేదు.

డ్రైవర్‌ను లేపాం. మిషన్ కదిలింది. లస్మవ్వ గింజలు ట్రాక్టర్‌లో పడుతుండగా మొదటి చినుకులు పడ్డాయి. టార్పాలిన్ పట్టా కప్పేలోపు నలుగురం తడిసిపోయాం. గింజ తడవలేదు.

స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి కింద ఇంకో వాక్యం రాశాను. మామూలు రోజుల్లో తొమ్మిది, కోతలప్పుడు పన్నెండు. అప్పటినుంచి సాయిలు ఆ మూడడుగుల్లో వరికి బదులు పశువులకు గడ్డి పెంచేవాడు. కోతలకు ముందు గడ్డి కోసి, కడీలు పీకేవాడు. కోతలయ్యాక మళ్లీ పాతేవాడు.

కొత్తవాళ్లకు నాలుగైదు మాటలు

రెండు అంకెల్లో చిన్నది మీకు నిజంగా కావలసింది అయి ఉండాలి. దానికంటే తక్కువది చిన్న అంకెగా పెట్టి, ఎదుటివాడు జాలిపడి పెద్దది ఇస్తాడని కూర్చోకండి. ఇవ్వడు. నేను చూసినంతలో ఇచ్చినవాడు లేడు.

అడిగేటప్పుడే రెండు చెప్పండి. ఇచ్చేటప్పుడు మీ క్లయింట్ "మూడు నుంచి నాలుగు ఇస్తా" అన్నాడంటే నాలుగు ఇచ్చేసినట్టే. ఈ తప్పు పెద్ద పెద్ద వకీళ్లు కూడా చేస్తారు, బయటికి వచ్చి క్లయింట్‌ను తిడతారు.

రెండు అంకెల మధ్య దూరం తక్కువగా ఉంచండి. మొసలిని అమ్మకండి.

కొన్నిచోట్ల రెండు అంకెలు చెప్పకూడదు. బిల్లులో ఉన్నది, టేపు పెట్టి కొలిచింది, మైలురాయి మీద ఉన్నది ఒక్కటే ఉంటుంది. అక్కడ రెండు చెబితే మీరు నాలాంటి మనిషని ఎదుటివాడికి తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఏ కొస ఎప్పుడు వర్తిస్తుందో కాగితం మీదే రాయండి. రాయకపోతే ఇద్దరూ సంతోషంగా సంతకం పెట్టి, సంతోషంగా ఇంటికెళ్లి, రాళ్లు పాతుతారు.

ఇవన్నీ పనిచేసే పద్ధతులు. ఎందుకు పనిచేస్తాయన్నది మాత్రం ఇంకా నాకు వింతే. చదువుకున్నవాళ్లు ఏవో కారణాలు చెబుతారు. పోశెట్టి చెప్పిన "బాగుండది గద" కంటే గట్టి కారణం నేను వినలేదు.

మొన్నటి యాసంగి

మొన్న కోతలప్పుడు ఆ ఊరి మీదుగా వెళుతూ ఆగాను. లస్మవ్వ మడిలోకి మిషన్ దిగడానికి వస్తోంది. సాయిలు బోరు షెడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. అతను కూర్చున్నది రాతి బల్ల మీద. దగ్గరికి వెళితే అది బల్ల కాదు, ఒకదాని పక్కన ఒకటి పేర్చిన కడీలు. బాట వైపు చూశాను. కడీలు లేవు, గడ్డి లేదు. గట్టు నుంచి వరి దాకా నేల చదునుగా, టైర్ల గుర్తులతో గట్టిపడి ఉంది.

"గడ్డి ఏస్తలేవా సాయిలూ?"

"రెండు మూడు యాసంగిల సంది బంద్ వెట్టిన సార్."

"కడీలు?"

"పీకుడు పాతుడు, పీకుడు పాతుడు. నడుములు పోతున్నయి. గిట్ల కూసోనీకి మంచిగున్నయి."

నాకు గొంతు బాగాలేదు, డాక్టరు మాట్లాడవద్దన్నాడు. అయినా ఆగలేకపోయాను. "అయితే పన్నెండు ఇచ్చేసినట్టే గద?"

సాయిలు చేతిలోని ఖాళీ ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎవలన్నరు? నేనిచ్చింది తొమ్మిదే."

లస్మవ్వ ఫ్లాస్కు పట్టుకుని అప్పుడే గట్టు దిగింది. మా మాటలు విన్నది. ఎదురుగా పన్నెండు అడుగుల బాట నిండుగా మిషన్ వస్తోంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

"అవును సార్. మా బావ ఇచ్చింది తొమ్మిదే" అన్నది.

తర్వాత నన్ను దాటి వెళ్లి, కింద పెట్టిన గ్లాసు తీసి ఛాయ్ నింపి అతని ముందు చెయ్యి చాపింది.

"పట్టు బావా. సల్లారుతది."